నా స్లాబుకు రాని ఊరు

పటేలు ఇంటి గడప ముందు నిలబడి అడిగాను. సంతలో, కోడిపందెం బరి పక్కన, పదిమంది వింటుండగా అడిగాను. ఒకసారి చావు ఇంట్లో, పాడె కడుతుండగా అడిగాను. నా భార్య సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా అడిగాను. ఊరు కూర్చున్న ప్రతిసారీ నేను లేచి నిలబడ్డాను. నేను లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరు బీడీ ముట్టించుకుని వేరే మాట ఎత్తారు. రెండు వానాకాలాలు పోయాయి. నా ప్రశ్న ఒక్కటే. నా ఇంటి కప్పు వేసిన రోజున, అంతకు ముందు సాయంత్రం నా చేతి పొగాకు పుచ్చుకుని కూడా, ఊరు ఎందుకు రాలేదు?

నోటితో అడిగితే దగ్గుతారు. అందుకని రాస్తున్నాను. రాసినదాన్ని చదివించుకుని దగ్గడం అంత తేలిక కాదు.

మా ఊరు ఎర్రబోరు దాటాక తారురోడ్డు దిగి అడవి వైపు నడిస్తే వస్తుంది. మా ఇంట్లో తెలుగు, పక్కింటితో దొర్లీ, దుకాణంలో హిందీ. పొగాకు సంగతి బయటివాళ్ళకు తెలియదు కనుక ముందు అది చెప్పాలి. మా ఊళ్ళో ఇంటి కప్పు వేసుకునేవాడు ముందురోజు పొద్దుగూకేలోపు ఇంటింటికీ తిరిగి గడప మీద ఒక పొగాకు ముక్క పెడతాడు. బతిమాలడు, వివరం చెప్పడు. ఆ ముక్క తీసుకున్న ఇల్లు మర్నాడు ఒక మనిషిని పంపాలి. రాలేని ఇల్లు దాన్ని ముట్టదు. అది గడప మీదే ఉండిపోతుంది. అందులో తప్పు లేదు, అలకా లేదు. వచ్చినవాళ్ళకు కూలి లేదు. అన్నం, పంది కూర, ఇప్పసారా. కప్పు వేయించుకున్నవాడు రేపు వాళ్ళ కప్పుకు పోతాడు. మీసం రాకముందు నుంచి నేను ఆ పొగాకు తీసుకుంటున్నాను. ఎవరి కప్పుకు గడ్డి మోశానో, ఎవరి వాసం ఎత్తుతుంటే నా భుజం తోలు లేచిపోయిందో వరసగా చెప్పగలను. వాళ్ళు మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

నా మొదటి ఇల్లు గడ్డిది. ఊరు కాలిన ఏడాది అదీ కాలింది. ఎవరు కాల్చారని నన్ను అడక్కండి. ఆ రోజుల్లో తుపాకులున్న ఒక గుంపు, అవతలివాళ్ళకు అన్నం పెట్టావని నన్ను కర్రలతో కొట్టింది. వారం తిరక్కుండా తుపాకులున్న ఇంకో గుంపు, ఇవతలివాళ్ళకు దారి చూపించావని తుపాకీ మడమతో కొట్టింది. మొదటి దెబ్బలకు పక్కటెముకలు పోయాయి. రెండో దెబ్బకు ఎడమ చెవి పోయింది. ఇప్పటికీ ఆ వైపు నుంచి పిలిచినవాడు, వీడికి పొగరు, పలకడు అనుకుంటాడు.

గడ్డి కప్పు కాలడం చూడనివాళ్ళు అది నెమ్మదిగా కాలుతుందనుకుంటారు. కాదు. మంట లోపలికి దూరగానే కప్పు మొత్తం ఊపిరి పీల్చినట్టు ఒక్కసారి పైకి లేస్తుంది. తర్వాత కూలుతుంది. లోపల మేక కట్టేసి ఉంది. దాని అరుపు ఆగిపోయాక, విత్తనాల కుండలో జొన్నలు పేలాలుగా పేలడం విన్నాను. మిగిలిన చెవితో విన్నాను. మళ్ళీ ఇల్లంటూ కడితే అగ్గిపుల్లకు లొంగని కప్పు వేస్తానని అప్పుడే అనుకున్నాను. ఆ సాయంత్రం భార్య భుజం మీద వాలి శబరి నది దాటాను.

అవతల, భద్రాచలం వైపు, మొదట మిర్చి కోశాను. పక్కటెముకలు అతుక్కున్నాక స్లాబులు వేసే ముఠాలో చేరాను. ఏళ్ళ తరబడి ఇతరుల నెత్తిన కప్పులు వేశాను. మేస్త్రీల తిట్లు తిన్నాను. ఒక మేస్త్రి తాపీతో నా మోచేతి మీద కొట్టిన మచ్చ ఉంది. ఎందుకు కొట్టాడో, అప్పుడు ఎవరు నవ్వారో కూడా గుర్తుంది. చువ్వకు చువ్వకు మధ్య ఎంత ఎడముండాలో ఆ ముఠాలోనే నేర్చుకున్నాను.

ఊరికి తిరిగి వచ్చాక ఇంటి నక్షా నేనే గీశాను. నేలమీద ముగ్గు పోసి గీశాను. ఇరవై నాలుగు అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. తొమ్మిది పిల్లర్లు. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు వసారా. ముగ్గు గీతల మధ్య నా భార్యను నడిపించి చూశాను. వంటింట్లో కుండ పట్టుకుని తిరగడానికి చాలదంది. గీత జరిపాను. గీత జరిపితే పిల్లరు జరగాలి, పిల్లరు జరిగితే ఇనుము పెరుగుతుంది. ఆ రోజంతా ఒకర్నొకరు తిట్టుకున్నాం. ఆమె ముగ్గు డబ్బా విసిరికొట్టింది. చివరికి వంటిల్లు ఆమె అడిగినంతే వచ్చింది.

ఆ కొలతలన్నీ కాగితం మీద వేసుకుని జగదల్‌పూర్ పోయాను. నక్షాలు పాస్ చేయించే ఒక ఇంజనీరు అక్కడ గది పెట్టుకుని ఉన్నాడు. నా తర్వాత హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చినవాడికి కుర్చీ వేశాడు. నన్ను నిలబెట్టే మాట్లాడాడు.

“ఢాంచా తక్ కా హిసాబ్ తూనే కియా?” అన్నాడు. ఢాంచా అంటే పునాది, పిల్లర్లు, గోడలు, స్లాబు. తలుపుల్లేవు, పూత లేదు, గచ్చు లేదు, కరెంటు లేదు. బట్ట కట్టని ఒళ్ళు లాంటి ఇల్లు. అవును, అంతవరకే లెక్క వేశానన్నాను. అతను కాగితం మీద వేలు కిందికి జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు.

“స్లాబుకి మజ్దూరీ ఏదీ?”

“మా ఊళ్ళో కప్పుకు కూలి ఉండదు సార్. ఊరొస్తది.”

“సిమెంటు కప్పుకి కూడా?”

“కప్పు కప్పే కద సార్.”

పక్క గదిలోంచి ఇంకో ఇద్దర్ని పిలిచాడు. “దేఖో, గాఁవ్ కా ఇంజనీర్ ఆయా హై” అన్నాడు, పల్లెటూరి ఇంజనీరు వచ్చాడు చూడండని. ముగ్గురూ నవ్వారు. కుర్చీలో కూర్చున్న హెల్మెట్ కూడా నవ్వింది. నేను కాగితం లాక్కున్నాను. అది సగానికి చిరిగింది. ఆ సగం అతని చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత ఇక కాగితం జోలికి పోలేదు. పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో లెక్క రాశాను. నేను రూపాయల్లో రాయలేదు. ఏది దేని నుంచి రావాలో రాశాను. గోతులు: నా రెక్కలు. పునాది రాయి: గుట్ట. ఇసుక: శబరి. ఇటుక: వాగు మట్టి, మా ఆలుమగల కాళ్ళు. కంకర, మిక్సర్ కిరాయి: తునికాకు. సిమెంటు: మిర్చి కూలి. ఇనుము: ఎద్దులు.

స్లాబుకు సరుకు ఎంత పడుతుందో తేల్చడానికి పెరట్లో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అయిదు అంగుళాల లోతు గొయ్యి తీశాను. అందులో తట్టలతో ఇసుక, కంకర, సిమెంటు బదులు బూడిద పోసి, నీళ్ళు కలిపి తొక్కాను. ఎన్ని తట్టలు దిగాయో చూశాను. పొడిగా కుప్పపోసిన సరుకు తడిసి కలిశాక మూడో వంతు దిగిపోతుందని ముఠాలో తెలుసుకున్నాను. గొయ్యి అదే చెప్పింది. అలాంటి గోతులు నా ఇంట్లో ఎన్ని పడతాయో ముగ్గు మీద లెక్కపెట్టాను. పిల్లరు రింగులకు జనపతాడు చుట్టి, విప్పి, కొలిచి, ఇనుము తేల్చాను. కొట్టం గోడ మీది లెక్కలో సరుకు తప్పు ఒక్కటీ రాలేదు. సిమెంటు బస్తా మిగల్లేదు, చాలకా పోలేదు. ఈ మాట ఎవరూ అనలేదు గనుక నేనే అంటున్నాను.

లెక్కలో ఆఖరి గీత ఇది. మనుషులు: ఊరు.

ఎద్దులు కొన్నవాడు రైతు కాదు. తెలిసే అమ్మాను. లారీలోకి ఎక్కించేటప్పుడు పెద్దది మోకాళ్ళ మీద కూలబడి మొరాయించింది. దాని తోక మెలిపెట్టి ఎముక విరిగినట్టు చప్పుడయ్యేదాకా తిప్పారు. అప్పుడు లేచింది. ఆ ఎద్దు నా పిల్లర్లలో ఉంది. ఎవరైనా నా పిల్లరుకు ఆనుకుని ఉమ్మేస్తే నేను ఊరుకోను.

స్లాబుకు ముందురోజు ఇంటింటికీ తిరిగాను. ఒక్క గడప మీద కూడా పొగాకు మిగల్లేదు. అందరూ తీసుకున్నారు. పటేలు నా చేతిలోంచే తీసుకుని చెవి వెనక పెట్టుకున్నాడు. ఆయన నాకు చుట్టం కాదు గాని వయసులో పెద్ద, మామా అంటాను.

“రేపేనా అల్లుడా?”

“రేపే మామా.”

“మబ్బు వడ్తున్నది.”

“తెల్లారగట్ల మొదలుపెడ్తే పగటీలికి అయిపోతది.”

“కానియ్యి.”

కానియ్యి అంటే ఏమిటి? వస్తాననా, రాననా? పొగాకు చెవి వెనక పెట్టుకున్న మనిషి కానియ్యి అంటే నేను ఏమనుకోవాలి?

తెల్లవారుతూనే పందిని చంపాను. గొడ్డలి వెనకవైపుతో నుదుటి మీద మొదటి దెబ్బ సరిగా తగల్లేదు. అది కట్లు తెంపుకుని రక్తం కారుతూ ఇసుక కుప్ప చుట్టూ పరిగెత్తింది. నా భార్య తమ్ముడు, బామ్మర్ది, దాని మీద పడి పట్టుకున్నాడు. మూడో దెబ్బకు పడింది. పొయ్యి మీద పెద్ద డేగిసా ఎక్కించాం. నదికి అవతల నుంచి నేను పిలిపించిన మేస్త్రి, అతని మనిషి ఒకడు, కుంట పట్నం వైపు నుంచి మిక్సర్ తెచ్చిన ఇద్దరు, బామ్మర్ది, అతని భార్య, నేను, నా భార్య. అంతే ఉన్నాం.

“అన్నా, తట్టలు మోసేటోళ్ళేరి?” అన్నాడు మేస్త్రి.

“వస్తరు.”

“ఎప్పుడొస్తరు? పెండ్లికి పిలిచినవా ఏంది, ఆరాముగ వొచ్చెతందుకు?”

మిక్సర్‌వాడు ఇంజను మీద తుండుగుడ్డ పరిచి పడుకున్నాడు. “నాకేంది, మిషన్ కిరాయి రోజుకు. నువ్వు మనుషులను పుట్టిచ్చేదాంక ఒక కునుకు తీస్త.”

నా భార్యను ఊళ్ళోకి పంపాను. ఆమె తిరిగొచ్చేసరికి ముఖం నల్లబడి ఉంది. “తడికెలు ఏసుకున్నరు. కొందరు బుట్టలు నెత్తిన పెట్టుకుని అడివికి వోతున్నరు. పిలిస్తె ఇనపడనట్టు వోతున్నరు. నీకంటె వాళ్ళే చెవిటోళ్ళు.”

“రేపు ఏద్దం అన్నా,” అన్నాడు మేస్త్రి. “మనుషుల్లేకుండ స్లాబు మొదలువెట్టుడంటే బాయిల దుంకినట్టే. నడుమ ఆగితే చెడ్తది.”

స్లాబు నడుమ ఆగితే ఏమవుతుందో అతనికంటే నాకు తక్కువ తెలియదు. ఆరిన అంచుకు పచ్చిది అతకదు. ఆ గీత వెంట ఎప్పటికైనా నీళ్ళు దిగుతాయి. కాని రేపు అంటే మిక్సర్‌కు ఇంకో రోజు కిరాయి. అది నా లెక్కలో లేదు. ఉడుకుతున్న పంది రేపటిదాకా ఆగదు. అన్నిటికీ మించి, రేపు అన్నానంటే ఊరు గెలిచినట్టు.

“మొదలుపెట్టు,” అన్నాను.

ఊరంతా వచ్చి ఉంటే తట్ట చేతినుంచి చేతికి ఎగురుతూ పోయేది. కింద పట్టినవాడు కదలడు, పైన పోసేవాడు కదలడు. తట్టే కదులుతుంది. మేం ఆ తట్టతో పాటు నిచ్చెన ఎక్కి దిగాం. పొద్దు నెత్తిమీదికి రాకముందే సిమెంటు అరచేతుల తోలు తినేసింది. నా భార్య చేతుల్లో రక్తం తట్ట అంచుకు అంటుకుంది. ఆమె ఆగలేదు. నేను ఆగమనలేదు. మిక్సర్‌వాళ్ళు తిట్టుకుంటూనే లేచి తట్టలు పట్టారు. వాళ్ళు పై ఊరివాళ్ళు, వాళ్ళకు ఆ పని లేదు. వాళ్ళు పట్టారు. రాసి పెట్టుకోండి.

సగం దాటింది. పైన పరిచేవాళ్ళు చాలక సరుకు ఒకచోటే కుప్పపడుతోంది. మేస్త్రి అరుస్తూనే ఉన్నాడు, “కుప్ప పొయ్యకుండ్రి, కర్ర ఆగదు, కుప్ప పొయ్యకుండ్రి!” కింద కప్పును మోస్తున్న కర్ర ఒకటి జారింది. చిన్న చప్పుడు. బామ్మర్ది సుత్తి తీసుకుని కిందికి దూరి ఆ కర్రను నిలబెట్టబోయాడు. కర్రల మీద పరిచిన ఇనుప రేకు, దాని మీది పచ్చి కాంక్రీటు, ఒక్కసారి అతని మీద దిగాయి. తల తప్పించుకున్నాడు. చెయ్యి రాలేదు. రేకు అంచు గోడకు ఒత్తుకుని ఉంది. మధ్యలో అతని కుడిచెయ్యి.

గునపం పెట్టి రేకు ఎత్తాం. అతను ఏడవలేదు. బూడిదరంగు ముఖంతో నన్ను చూసి, “బావా, నేను సూడలేను. నువ్వు సూడు. ఏళ్ళు ఉన్నయా?” అన్నాడు.

రెండు లేవు.

మిక్సర్ మనిషి అతన్ని మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక అతని భార్యను ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. మేస్త్రి పైనున్న అంచును చెక్కతో సరిచేసి పనిముట్లు కడిగాడు. గది నడిమధ్యన, ఆగకూడని చోట, నా స్లాబు ఆగింది. వాన మొదలైంది. పెద్ద చినుకులు పచ్చి సిమెంటును కొట్టి గుంటలు చేశాయి. బూడిదరంగు నీళ్ళు పిల్లర్ల వెంట కారుతున్నాయి. డేగిసాలో పంది కూర ఉడికి ముద్దయింది.

నేను పార పట్టుకుని పటేలు ఇంటికి పోయాను.

పటేలు లేడు. కొడుకు ఉన్నాడు. చూరు కింద మోటారుసైకిలు తుడుచుకుంటున్నాడు.

“మీ నాయనేడి?”

“లేడు.”

“పొగాకు చెవెనక పెట్టుకుని ఏడికి వోయిండు?”

“క్యా చాచా,” అని నవ్వాడు. “సిమెంటు ఇంటికి ఊరొస్తదా? గడ్డి కప్పుకు వస్తది. పైసలున్నోనివి, కూలోళ్ళను పెట్టుకో.”

పార తిరగేసి మొదట మోటారుసైకిలు దీపం పగలగొట్టాను. రెండో దెబ్బ వాడి భుజం మీద వేశాను. ఎముక మీద ఇనుము చప్పుడు వేరుగా ఉంటుంది. వాడు గొడ్డలి కామ అందుకున్నాడు. నా ఎడమ వైపు నుంచి వచ్చాడు. ఆ వైపు నాకు వినపడదని ఊళ్ళో అందరికీ తెలుసు. తల పగిలింది. కంట్లోకి రక్తం దిగింది. కిందపడి కూడా వాడి కాలు పట్టుకుని లాగాను. బురదలో ఇద్దరం దొర్లాం. వాడు నా గొంతు మీద మోకాలు వేసి అరిచాడు.

“ఊరు కాలినంక మా గుడిసెలు మళ్ళ కప్పిన్నాడు నువ్వేడ ఉన్నవ్? నది అవతల బువ్వ తింటున్నవ్! ఒక్క కప్పుకన్న వచ్చినవా? ఒక్క వాసం మోసినవా?”

“నువ్వప్పుడు పాలు తాగే పిల్లగానివి,” అన్నాను. మాట సగమే బయటికి వచ్చింది. “నీకెవడు చెప్పిండు?”

“ఊరంత చెప్తది!”

ఊరంతా అప్పటికి అక్కడే ఉంది. తడికెలు తీశారు. అడవికి పోయినవాళ్ళూ ఉన్నారు, బుట్టలు ఖాళీగా. నా స్లాబుకు ఇంటికి ఒక్క మనిషి రాలేదు. నా తల పగలడం చూడడానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. పిల్లల్ని చంకనేసుకుని మరీ వచ్చారు.

పటేలు ఎక్కణ్ణుంచి వచ్చాడో వచ్చాడు. కొడుకును జుట్టు పట్టుకుని నా మీద నుంచి లేపాడు. నేను కూర్చుని నోట్లో మట్టి ఉమ్మి అడిగాను, “ఎందుకు రాలే మామా?” అప్పుడు ఆయన చెవి వెనక పొగాకు లేదు. నమిలేశాడు.

“ఇంటికి వో అల్లుడా. నెత్తురు కారుతాంది,” అన్నాడు. జవాబు అది కాదు. నా తల్లో ఏం కారుతోందో నాకు తెలియదా?

కూర మొత్తం రెండు బకెట్లలో మోసుకొచ్చి ఆయన గడప ముందు పారబోశాను. కుక్కలు కొట్లాడుకుని ఒకదాని చెవి ఒకటి చీల్చుకున్నాయి.

తర్వాత వాన తెరిపి ఇచ్చిన రోజున మిగతా సగం నేనూ నా భార్యా మేస్త్రీ కలిసి వేశాం. చేతులకు గుడ్డలు చుట్టుకుని వేశాం. తడిసి గడ్డలు కట్టిన బస్తాల సిమెంటే వాడాం, వేరేది కొనడానికి అమ్మేందుకు ఇంకో ఎద్దు లేదు. కర్రలు తీసేశాక కింద నుంచి చూస్తే ఆ సగం తేనెపట్టులా గుల్లగా ఉంది. ఇనుము కనిపిస్తోంది. మొదటి సగం మాత్రం బండ. సుత్తి వేస్తే గంటలా మోగుతుంది. వాన పడినప్పుడల్లా ఆ రెంటికీ నడుమ గీత వెంట ఎర్రటి తుప్పునీళ్ళు కారతాయి. కింద నా భార్య గిన్నెలు పెడుతుంది. గడ్డి కప్పు కూడా ఇంత కారలేదు. ఆ మాట ఆమె ప్రతి వానకూ అంటుంది.

ఈ ఎండాకాలం పటేలు కూడా స్లాబు వేశాడు. ముందు సాయంత్రం కొడుకు మా గడప మీద పొగాకు పెట్టి, నా ముఖం చూడకుండా పోయాడు. వాడి భుజం ఇప్పటికీ ఒకవైపు వంగి ఉంటుంది. నా భార్య ఆ ముక్కను చూసింది. నన్ను చూసింది. నేను తీసుకున్నాను. నియమం తప్పినవాళ్ళు వాళ్ళు, నేను కాదు.

పొద్దున పోయి చూస్తే ఊరంతా ఉంది. సిమెంటు కప్పే. గడ్డి పోచ లేదు. తట్టలు చేతులు మారుతూ పాములా పైకి పాకుతున్నాయి. పాటలు, వేళాకోళాలు. “ఏందిరో, మెల్లగ పట్టు, నీ పెండ్లానికి జడేస్తున్నవా?” అని ఒకడు, “నువ్వు తాగిన సారా చెమటల కారుతాంది, సిమెంటుల పడనియ్యకు, కప్పు తూల్తది” అని ఇంకొకడు. నేను నిచ్చెన కింద నిలబడి తట్టలు అందించాను. ఒక్క తట్ట జారనివ్వలేదు. నాకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం కాకముందే అయిపోయింది. నా ఇంటికంటే పెద్ద స్లాబు. నడుమ ఎక్కడా గీత లేదు.

విస్తళ్ళు వేశారు. నేను కూర్చోలేదు. పటేలు ముందుకు పోయి అడిగాను.

“ఇది సిమెంటు కప్పే గద మామా. దీనికి ఊరెట్ల వచ్చింది? నాదానికి ఎందుకు రాలే?”

“ముందు తిను అల్లుడా.”

“తిన.”

“కూర సల్లారుతది. కూసో.”

విస్తరిని కాలితో తన్నాను. కూర పటేలు పంచె మీద పడింది. నలుగురు లేచారు. కొడుకు చెయ్యి పారమీదికి పోయింది. పటేలు వాడి మణికట్టు పట్టుకున్నాడు. పంచె దులుపుకుని దగ్గాడు. అంతే. దగ్గాడు.

ఇంటికి వస్తూ దారిలో, వడ్డనకు వచ్చిన నా భార్యతో అన్నాను: కొడుకు అరిచిన మాటే నిజమైతే, ఊరు కాలిన ఏడు నేను కప్పులకు రాలేదన్నదే వాళ్ళ కోపమైతే, అది చెల్లదు. పొగాకు ఇవ్వనిదే ఎవరూ పోరు. ఆ ఏడు నాకెవరూ పొగాకు ఇవ్వలేదు. నది దాటి ఎవరూ రాలేదు.

ఆమె నడుస్తూ నడుస్తూ ఆగింది. “కాలిన ఊళ్ళ పొగాకు ఏడుంటదయ్యా?” అంది.

నా పక్కటెముకలు విరిగి ఉన్నాయి అన్నాను. నా చెవిలోంచి చీము కారుతోంది అన్నాను. “నాకు తెల్వదా, నేనే గద మోసింది,” అని ఆమె ముందుకు నడిచింది. కాని అడగాల్సింది ఆమె కాదు. అడిగినవాణ్ణి నేను. చెప్పాల్సింది పటేలు.

ఇప్పుడు సంగతి ఇది. నా గుల్ల సగాన్ని పగలగొట్టాలి. అవతల నుంచి వచ్చి చూసిన మేస్త్రి అదే అన్నాడు. ఇనుము తెగకుండా సుత్తితో రాల్చి, తుప్పు గీకి, మళ్ళీ వేయాలి. ఈ వాన లోపల వేయకపోతే అది మా నెత్తినే కూలుతుంది. దాని కింద ఇద్దరం పడుకుంటున్నాం. గీతకు అవతల, గట్టి సగం కింద, మంచం పట్టే చోటు లేదు. అటు చాలా మట్టుకు వంటిల్లే, పొయ్యీ కుండలూ, ఆమె అడిగినంత పెద్దది. పగలగొట్టడం మొదలుపెట్టాను కూడా. రోజూ పొద్దున ఒక మూర. సుత్తి నాది, ఉలి పట్టేది బామ్మర్ది, మిగిలిన మూడు వేళ్ళతో. ప్రతి దెబ్బకూ ముక్కలు ముఖానికి తగులుతున్నాయి. అతను కళ్ళు మూసుకోడు. నన్నే చూస్తుంటాడు.

కొట్టం గోడ మీద పాత లెక్క చెరిపి కొత్తది రాశాను. ఇసుక: శబరి. కంకర: తునికాకు. సిమెంటు: మళ్ళీ మిర్చి కూలి. ఆఖరి గీత దగ్గర బొగ్గు పట్టుకుని ఆగిపోయాను. మనుషులు. ఆ మాట తర్వాత గోడ ఖాళీగా ఉంది. అక్కడ కూలి అని రాస్తే అమ్మడానికి నాకు పొలం తప్ప ఏమీ లేదు. ఊరు అని రాసి, ఊరు మళ్ళీ రాకపోతే, నా పక్కన సుత్తికింద చెయ్యి పెట్టినవాడు ఇంకో రెండు వేళ్ళు ఇవ్వాలి.

పటేలు మామా, ఇది నీకు చదివి వినిపించమని నీ కొడుక్కే ఇస్తున్నాను. వాడికి తెలుగు చదవడం వచ్చు. నువ్వు రాకపోవడానికి కారణం నేను నది దాటడమేనా? అదే అయితే నీ నోటితో, ఊరు కూర్చున్నచోట, నన్ను కొట్టినవాళ్ళను కూడా లెక్కలో వేసి చెప్పు. వేరే ఏదన్నా అయితే అది చెప్పు. బీడీ ముట్టించకు. ముందు తిను అనకు. నా ఇంట్లో కూర లేదు. సగం కప్పు కింద కూర్చుని అడుగుతున్నాను. నేను ఇంటింటికీ పొగాకు తేవాలా, వద్దా? ఆఖరి గీత దగ్గర ఏం రాయమంటావు? చెప్పు.